నాన్న మేత పుస్తకం, నా మూడో డ్రైవ్

మొన్న ఆదివారం మా కాలేజ్ జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది, "అక్కా వచ్చే వారం క్యాంపస్ డ్రైవ్ ఉంది, ఏం చదవాలో ఒక లిస్ట్ పంపవా" అని. సరే అని కూర్చుని ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్), డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్ట్), ఆప్టిట్యూడ్ అని టైప్ చేయడం మొదలుపెట్టా, నాలుగు లైన్లు రాశాక ఆగిపోయా. ఎందుకంటే ఈ లిస్ట్ నా దగ్గర కూడా ఉండేది, లామినేషన్ చేయించి హాస్టల్ రూమ్ లో గోడకి అంటించుకున్నా కూడా, అయినా రెండు డ్రైవ్‌లు పోయాయి. మూడోది ఎలా వచ్చిందో ఆ లిస్ట్ లో లేదు. అందుకే ఆ అమ్మాయికి లిస్ట్ బదులు ఇది రాస్తున్నా, మిగతా వాళ్ళకి కూడా పనికొస్తుందేమో అని ఇక్కడ పెడుతున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నాది 2020-24 బ్యాచ్, ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచ్), భీమవరం దగ్గర కాలేజ్. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్ లో తెలుగు మీడియం. ఇంటర్ లో ఇంగ్లీష్ మీడియంకి మారాను కానీ ఎంపీసీలో లెక్కలు చేస్తే చాలు కాబట్టి ఇంగ్లీష్ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. బీటెక్ ఫస్ట్ ఇయర్ కరోనా వల్ల సగం ఫోన్ లోనే అయిపోయింది, మా ఊళ్ళో సిగ్నల్ కోసం చెరువు గట్టు మీద కూర్చుని క్లాసులు విన్నదాన్ని. మ్యాథ్స్ లో ఒక సబ్జెక్ట్ ఉండిపోయి సప్లీలో క్లియర్ చేశా. అంటే ఎలిజిబిలిటీ వరకు నాకు ఇబ్బంది లేదు, టెన్త్ ఇంటర్ బీటెక్ త్రూ అవుట్ 60 శాతం, యాక్టివ్ బ్యాక్‌లాగ్స్ లేవు.

మాకు ముందు 2022 లో బయటికెళ్ళిన సీనియర్స్ కి ఒక్కొక్కరికి మూడేసి ఆఫర్లు వచ్చాయి, ఏది వదులుకోవాలా అని వాళ్ళు ఆలోచించడం మేం కళ్ళతో చూశాం. మా వంతు వచ్చేసరికి పరిస్థితి పూర్తిగా మారిపోయింది. అంతకు ముందు ఏడాది 50 వేల మంది ఫ్రెషర్స్ ని తీసుకున్న ఇన్ఫోసిస్, 2023 అక్టోబర్ లో ప్రస్తుతానికి క్యాంపస్ లకి వెళ్ళట్లేదని చెప్పింది, ఆ వార్త మా క్లాస్ వాట్సాప్ గ్రూప్ లో ఎవరో పెడితే ఒక్కరు కూడా రిప్లై ఇవ్వలేదు. టీసీఎస్ లో ఫ్రెషర్స్ కి ఇచ్చే నింజా ఉద్యోగం అంటే ఏడాదికి 3.36 లక్షలు అని అప్పట్లో మా హాస్టల్లో అందరికీ కంఠతా వచ్చు, 2022 లో ఆ ప్యాకేజ్ తక్కువ అనుకున్న వాళ్ళు ఉన్నారు, 2023 చివరికి అదొస్తే చాలు దేవుడా అనుకునే పరిస్థితి. ఈసీఈ వాళ్ళకి ఇంకో చిక్కు కూడా, మేం చదివేది 8086, వీఎల్ఎస్ఐ, యాంటెన్నాలు, ఇంటర్వ్యూలో అడిగేది జావా, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే భాష). డీబీఎంఎస్ మాకు సిలబస్ లో లేదు, నా రూమ్మేట్ సీఎస్ఈ, తన రన్నింగ్ నోట్స్ చూసి చదువుకున్నా.

మొదటి డ్రైవ్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఆన్‌లైన్ టెస్ట్, ఆప్టిట్యూడ్ లో టైమ్ సరిపోలేదు, కటాఫ్ దాటలేదు. ఒక్కటి మాత్రం చెప్తా, ఆప్టిట్యూడ్ కి తెలివి కన్నా చేతి వేగం కావాలి, రోజుకి 20 లెక్కలు గడియారం పెట్టుకుని రెండు నెలలు చేస్తే వచ్చేస్తుంది. అది దాటడం కష్టం కాదు, రెండోసారి దాటాను కూడా.

రెండోది గురించి చెప్పాలి, ఎందుకంటే తప్పు నాదే, చాలామంది అదే చేస్తున్నారు.

రెజ్యూమెలో ప్రాజెక్ట్ అని ఒక కాలమ్ ఉంటుంది కదా. నాది "ఫేస్ రికగ్నిషన్ బేస్డ్ అటెండెన్స్ సిస్టమ్". నలుగురం కలిసి మనిషికి 1,500 వేసుకుని విజయవాడలో ఒక ప్రాజెక్ట్ సెంటర్ లో కొన్నాం, కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ అన్నీ సీడీలో పెట్టి ఇచ్చారు, ఒక గంట ఎలా రన్ చేయాలో చూపించారు. కాలేజ్ లో రివ్యూకి అది సరిపోయింది, ఎక్స్‌టర్నల్ కూడా రన్ అయిందా లేదా అని చూసి సంతకం పెట్టేశారు. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న సర్ రెజ్యూమె తిప్పి అక్కడ వేలు పెట్టి, మీ సిస్టమ్ లో డిటెక్షన్ ఏది చేస్తుంది, రికగ్నిషన్ ఏది చేస్తుంది అని అడిగారు.

నేను రెండూ ఒకటే అనుకున్నా. అంటే నాలుగు నెలల నుంచి నా పేరు మీద ఉన్న ప్రాజెక్ట్ టైటిల్ లోనే ఒక మాట ఉంది, దాని అర్థం ఏంటో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఏదో చెప్పాలని "బోత్ ఆర్ సేమ్ సర్" అనేశా. ఆయన గట్టిగా ఏమనలేదు, ఇంకో చిన్న ప్రశ్న వేశారు, ఒక్కో స్టూడెంట్ వి ఎన్ని ఫోటోలు తీశారు అని. అది కూడా నాకు తెలీదు, ఎందుకంటే ఆ ఫోటోలు మేం తీయలేదు, సీడీలో ఉన్నవి ఎవరివో. 50 అన్నా. క్లాస్ లో లైట్ తక్కువ ఉంటే ఏమవుతుంది అన్నారు. నేను మాట్లాడలేదు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశా.

ఆ రాత్రి హాస్టల్ కి వచ్చి మొదటిసారి ఆ కోడ్ ఓపెన్ చేసి చదివాను. డిటెక్షన్ అంటే ఫోటోలో ముఖం ఎక్కడుందో పట్టుకోవడం, అది ఎవరిదైనా సరే ముఖమా కాదా అన్నది మాత్రమే. దానికి ఓపెన్ సీవీలో హార్ కాస్కేడ్ అని రెడీమేడ్ గా ఉంటుంది. రికగ్నిషన్ అంటే ఆ దొరికిన ముఖం ఎవరిదో చెప్పడం, దానికి మన దగ్గర ముందే ఆ మనిషి ఫోటోలు ఉండాలి, మా కోడ్ లో ఎల్‌బీపీహెచ్ అనే పద్ధతి వాడారు. గుడి దగ్గర జనంలో "అదిగో ఎవరో ఆడమనిషి నిలబడింది" అనడం డిటెక్షన్, "అది మా పిన్ని" అనడం రికగ్నిషన్. ఇంతే. గంటలో అర్థమైపోయింది. ఆ గంట నేను ముందే పెట్టి ఉంటే ఆ సర్ కి తెలుగు యాసలో వచ్చిన ఇంగ్లీష్ తో అయినా చెప్పగలిగేదాన్ని, అప్పటిదాకా నా ఇంగ్లీష్ వల్ల పోతోంది అనుకున్నా, ఆ రోజు పోయింది ఇంగ్లీష్ వల్ల కాదు.

ప్రాజెక్ట్ కొనుక్కోవడం తప్పా ఒప్పా అని నేను వాదన పెట్టుకోను, డిపార్ట్‌మెంట్ లో గైడ్ చేసేవాళ్ళు లేక, టైమ్ లేక కొంటారు, నాకు తెలుసు. కానీ కొన్నదాన్ని లైన్ లైన్ చదవకుండా రెజ్యూమెలో పెట్టకండి. అది పెట్టడం అంటే ప్యానెల్ వాళ్ళకి ఎక్కడ కొడితే పడిపోతామో మనమే చూపించడం.

తర్వాత సంక్రాంతికి ఇంటికెళ్ళా. మా నాన్న లీజుకి తీసుకుని రొయ్యల చెరువు చేస్తారు. నాన్నకి ఒక మేత పుస్తకం ఉంటుంది, పొడుగ్గా, అట్ట ఊడిపోయి, మేత వాసన కొడుతూ. అందులో రోజూ నాలుగు పూటలు ఎంత మేత వేశారో, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెరువులో దించే పళ్ళెం) ఎంత మిగిలిందో, ఏ రోజు వల వేసి కౌంట్ చూశారో, డీలర్ దగ్గర ఎన్ని బస్తాలు అరువు తెచ్చారో అన్నీ ఆయన రాతలో ఉంటాయి. భోగి రోజు సాయంత్రం ఆయన లెక్క కూడుకుంటూ డీలర్ బిల్లుకి తనకి పొంతన కుదరట్లేదని మూడోసారి కూడుతున్నారు. నేను పక్కన కూర్చుని, నాన్నా ఇది నేను కంప్యూటర్ లో ఎక్కిస్తా ఉండు అన్నా. అప్పుడు ఉద్యోగం గురించి ఆలోచన లేదు, నిజంగా, ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ మళ్ళీ మొదటి పేజీకి వెళ్తుంటే చూడలేక అన్నా.

పైథాన్ లో చేశా. చాలా చిన్న ప్రోగ్రామ్, మొదట్లో 60 లైన్లు కూడా లేదు. సీఎస్‌వీ ఫైల్ లో, అంటే కామాలతో విడగొట్టిన మామూలు పట్టికలో, తేదీ, చెరువు, మేత రకం, బస్తాలు అని ఎంట్రీ చేయడం, నెలకి ఎంతయిందో కూడడం. తర్వాత నాన్న అడిగితే రోజుకి ఎంత మేత పడాలో లెక్క కూడా పెట్టా. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, రొయ్యల్లో కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయి అని. 80 కౌంట్ అంటే కిలోకి 80, ఒక్కోటి 12.5 గ్రాములు. 2 లక్షల సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేస్తే అందులో 80 శాతం బతికాయనుకుంటే 1 లక్షా 60 వేలు, ఒక్కోటి 12.5 గ్రాములు కాబట్టి చెరువులో ఉన్న సరుకు 2,000 కిలోలు. దాంట్లో 3 శాతం మేత అనుకుంటే రోజుకి 60 కిలోలు. నాన్న దీన్ని నోటితోనే చెప్పేస్తారు, నాకు మాత్రం ప్రోగ్రామ్ రాస్తుంటేనే అర్థమైంది.

లెక్క మొత్తం ఎక్కించాక ఒక తేడా వచ్చింది. ఆ నెల రెండో నంబర్ మేత 31 బస్తాలు రావాలి, నా ప్రోగ్రామ్ 24 చూపించింది. 7 బస్తాలు లేవు. రాత్రి పదకొండు దాకా వెతికా, కూడికలో తప్పుందేమో అని, ఫైల్ లో ఏమైనా వదిలేశానేమో అని. చివరికి చూస్తే నేనే కొన్నిచోట్ల "2 నంబర్" అని, కొన్నిచోట్ల "నం.2" అని టైప్ చేశా. కంప్యూటర్ కి అవి రెండు వేరు వేరు మేతలు. ఏడు బస్తాలు వేరే పేరు కింద పడి ఉన్నాయి. అప్పుడు మేత రకాలన్నీ వేరే ఒక పట్టికలో పెట్టి ప్రతిదానికి ఒక నంబర్ ఇచ్చి, రోజువారీ ఎంట్రీలో ఆ నంబర్ మాత్రమే వేసేలా మార్చా. పేరు ఒక్కచోటే ఉంటుంది, తప్పు పడినా ఒక్కచోట దిద్దితే చాలు. మరి డీలర్ తో తేడా సంగతి ఏంటంటే, అది నాన్న పుస్తకంలో ఒకరోజు ఎంట్రీ రెండుసార్లు పడింది, అదీ దొరికింది.

సెలవులయ్యాక హాస్టల్ కి వచ్చి ఇది మా రూమ్మేట్ కి చెప్పా, పడుకోబోయే ముందు ఊరికే. అది లేచి కూర్చుంది. "ఒసేయ్, నువ్వు చేసింది నార్మలైజేషన్ కదే" అంది. నాకు అప్పుడు ఒళ్ళు జలదరించింది అంటే నమ్మండి. నార్మలైజేషన్ అంటే ఒకే సమాచారం పలుచోట్ల పడకుండా పట్టికలుగా విడగొట్టడం, దాని డెఫినిషన్ నాకు నోటికొచ్చు, ఫస్ట్ నార్మల్ ఫామ్, సెకండ్, థర్డ్, పార్షియల్ డిపెండెన్సీ, ట్రాన్సిటివ్ డిపెండెన్సీ, గోడ మీద లామినేషన్ లిస్ట్ లో అయిదో పాయింట్. కానీ నేను చేసిందీ అదేనని నాకు తెలీదు, రెంటికీ మధ్య ఎవరూ తాడు కట్టలేదు.

ఆ రోజు నుంచి మేం ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజూ రాత్రి భోజనం అయ్యాక మేడ మీదకి వెళ్ళి ఒక టాపిక్ ముందు తెలుగులో చెప్పాలి, పూర్తిగా తెలుగులో, మా అమ్మకి చెప్తున్నట్టు. ఒక్క టెక్నికల్ పేరు మాత్రం అలాగే ఉంచొచ్చు. ఎదుటి మనిషి మధ్యలో "ఎందుకు?" అని అడుగుతుంది, అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పాలి. తెలుగులో తడబడితే ఆ టాపిక్ మనకి రానట్టే లెక్క, మళ్ళీ పుస్తకం తీయాలి. తెలుగులో సాఫీగా వచ్చాక అదే ఇంగ్లీష్ లో, చిన్న చిన్న వాక్యాలతో. నమ్మరు, మొదటి వారం ఊప్స్ లో వచ్చే ఇన్హెరిటెన్స్ నేను తెలుగులో చెప్పలేకపోయా. "చైల్డ్ క్లాస్ అక్వైర్స్ ద ప్రాపర్టీస్ ఆఫ్ పేరెంట్ క్లాస్" అని ఇంగ్లీష్ లో గడగడా వస్తుంది, ఎందుకు కావాలే అది అంటే నోరు పెగల్లేదు. అంటే మూడేళ్ళు నేను ఇంగ్లీష్ వెనకాల దాక్కున్నా. మనకి ఇంగ్లీష్ రాదు కాబట్టి ఉద్యోగం రాలేదు అని ఊళ్ళో అందరూ అంటారు, కాలేజ్ లో ప్లేస్‌మెంట్ కోసం పెట్టిన సీఆర్టీ క్లాసుల్లో కూడా అదే చెప్పి టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ ఒకటే పేరా అందరితో బట్టీ పట్టించారు, అరవై మంది "ఐయామ్ ఎ హార్డ్ వర్కింగ్ అండ్ క్విక్ లెర్నర్" అని ఒకేలా చెప్పేవాళ్ళం. ఇంగ్లీష్ కావాలి, కాదనను. కానీ చెప్పడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి కదా ముందు.

ఫిబ్రవరిలో పూల్ క్యాంపస్ పడింది, రాజమండ్రి వైపు ఒక కాలేజ్ లో. చుట్టుపక్కల కాలేజీలన్నీ కలిపి వచ్చాం, తెల్లవారుజామున బస్సెక్కితే తొమ్మిదికి అక్కడున్నాం. టెస్ట్ అయ్యాక మధ్యాహ్నం షార్ట్ లిస్ట్ పెట్టారు, నా పేరుంది. అక్కడి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా కారిడార్ లో కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. ఈ వెయిటింగ్ గురించి ఎవరూ చెప్పరు కానీ ఇంటర్వ్యూ సగం ఇక్కడే పోతుంది. లోపల నుంచి వచ్చిన ప్రతి ఒక్కరి చుట్టూ పదిమంది మూగి ఏం అడిగారు ఏం అడిగారు అని, వాళ్ళు చెప్పింది విని అప్పటికప్పుడు ఫోన్ లో వెతికి చదవడం, ఉన్నది కూడా మర్చిపోవడం. నేను ఒక గంట అలాగే చేశా, గుండె దడ పెరిగిపోయింది, తర్వాత ఫోన్ బ్యాగ్ లో పెట్టేసి కాలేజ్ వాటర్ ట్యాంక్ దగ్గర చెట్టు కిందకి వెళ్ళి కూర్చున్నా. పులిహోర పొట్లం తెచ్చుకున్నా, తిన్నా. దయచేసి తిండి తీసుకెళ్ళండి, మా బ్యాచ్ లో ఒకమ్మాయి పొద్దుట్నుంచి ఏం తినక లోపల కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది.

ప్యానెల్ లో ఒక మేడమ్, ఒక సర్. రెజ్యూమెలో ప్రాజెక్ట్ కింద ఈసారి ఫేస్ రికగ్నిషన్ రెండో స్థానంలో ఉంది, మొదటిది "ఫీడ్ రికార్డ్ ఫర్ ష్రింప్ పాండ్". నిజానికి పెట్టాలా వద్దా అని చాలా ఆలోచించా, ఇది చిన్నది, దీంట్లో మెషీన్ లెర్నింగ్ లేదు, వెబ్‌సైట్ కూడా కాదు, వెనకబడినట్టు కనిపిస్తుందేమో అని. రూమ్మేట్ పట్టుబట్టి పెట్టించింది. మేడమ్ చూసి మొదటి మాటే అది, వాట్ ఈజ్ దిస్ అని. నేను, మేడమ్ ఒక పేపర్ మీద గీసి చెప్పొచ్చా అని అడిగా. ఇచ్చారు.

చెరువు గీశా. సీడ్, కౌంట్, బతికినవి ఎన్ని, మేత ఎంత, లెక్క మొత్తం వేసి చూపించా. నా ఇంగ్లీష్ లో తప్పులు పడ్డాయి, నాకు తెలుస్తూనే ఉంది, ఈట్స్ అనాల్సిన చోట ఈటింగ్ అన్నా, కానీ ఆపలేదు, ఎందుకంటే తర్వాత ఏం చెప్పాలో నాకు తెలుసు. 7 బస్తాలు ఎలా పోయాయో చెప్పా. సర్ అప్పటిదాకా ల్యాప్‌టాప్ చూస్తున్నవారు తలెత్తి, దెన్ హౌ డిడ్ యూ ఫిక్స్ ఇట్ అన్నారు. రెండు పట్టికలు గీసి మధ్యలో బాణం వేశా, మేత పట్టికలో ఉన్న నంబర్ ప్రైమరీ కీ, రోజువారీ ఎంట్రీలో వేసే అదే నంబర్ ఫారిన్ కీ అని. ఆ తర్వాత ఆయన నార్మలైజేషన్ డెఫినిషన్ అడగనే లేదు.

తర్వాత అందరినీ అడిగేదే, సెకండ్ హైయెస్ట్ శాలరీ క్వెరీ. ఆయన దాన్ని కూడా చెరువు మీదకి తెచ్చి, నాలుగు చెరువుల పట్టుబడి ఉంది, రెండో పెద్దది ఎంతో తియ్యి అన్నారు. నేను పెద్దది నుంచి చిన్నదానికి ఆర్డర్ బై పెట్టి మొదటిది వదిలేసి రెండోది తీశా. ఆయన నవ్వి, రెండు చెరువుల్లో సరిగ్గా 2,100 కిలోలు పడితే? అన్నారు. ఒక నిమిషం చూశా. రెండో వరసలో కూడా 2,100 వస్తుంది, అది రెండో పెద్దది కాదు, అదీ మొదటిదే. అప్పుడు మార్చి, లోపల ఒక సెలెక్ట్ తో మ్యాక్స్ తీసి, బయట దానికన్నా తక్కువ ఉన్న వాటిలో మ్యాక్స్ తీశా. ఇక్కడ నేను చెప్పేది ఏంటంటే మొదటి జవాబు తప్పైతే అయిపోయినట్టు కాదు, ఆయన ఆ ప్రశ్న వేసిందే మళ్ళీ ఆలోచిస్తామా లేదా చూడ్డానికి.

ఆఖరి ప్రశ్న మేడమ్ అడిగారు. మీ నాన్నగారు ఫోన్ లో, మీరు ల్యాప్‌టాప్ లో ఒకేసారి ఎంట్రీ చేస్తే ఏమవుతుంది? ఇది నేను ఎక్కడా చదవలేదు. ఒకప్పుడైతే ఏదో ఒకటి అనేసేదాన్ని. ఈసారి, మేడమ్ దీనికి పేరు నాకు తెలీదు, ఆలోచించి చెప్తాను అన్నా, పేపర్ మీద పైకే ఆలోచించా. ఫైల్ లో మొత్తం 500 కిలోలు ఉంది. నాన్న 500 చదివారు, నేను కూడా 500 చదివా. నాన్న 20 కలిపి 520 రాశారు. నేను నా దగ్గరున్న 500 కే 15 కలిపి 515 రాశా. ఇప్పుడు ఫైల్ లో 515 ఉంది, నాన్న 20 కిలోలు మాయం. ఉండాల్సింది 535. కాబట్టి మొత్తం దిద్దకుండా ప్రతి ఎంట్రీ వేరే వరసలో రాసి కూడిక తర్వాత చేస్తే పోదు, లేదా ఒకరు రాస్తున్నప్పుడు ఇంకొకరిని ఆపాలి అన్నా. మేడమ్ తల ఊపి, దీన్ని లాస్ట్ (lost, అంటే పోయిన) అప్‌డేట్ అంటారు, నువ్వు చెప్పిన ఆపడాన్ని లాకింగ్ అంటారు, వెళ్ళాక ట్రాన్సాక్షన్స్ చదువు అన్నారు. ఇంటర్వ్యూలో నాకు ఒకరు పాఠం చెప్పడం అదే మొదలు.

హెచ్ఆర్ రౌండ్ పది నిమిషాలు. ఎక్కడికైనా వెళ్తావా, నైట్ షిఫ్ట్ ఓకేనా, సర్వీస్ అగ్రిమెంట్ ఉంటుంది ఓకేనా. అన్నిటికీ అందరూ ఎస్ అనేస్తారు, నేనూ అన్నా, కానీ అగ్రిమెంట్ ఎన్నాళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అని మాత్రం అడిగా. అడగండి. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమో అని భయపడతాం, ఆయన మామూలుగానే చెప్పారు. జాయినింగ్ డేట్ కూడా అడగండి, ఆఫర్ లెటర్ లో అది ఖాళీగా ఉంటే ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి, నాకు ఆఫర్ వచ్చాక జాయిన్ అవ్వడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఆ ఎనిమిది నెలలు ఊళ్ళో "ఏమ్మా ఇంకా వెళ్ళలేదా" అన్న ప్రతి మనిషికి మా అమ్మ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం ఏడింటికి సెమినార్ హాల్ లో పేర్లు చదివారు. తొమ్మిది మంది. నాది ఆరో పేరు. పక్కనున్న అమ్మాయి ఏడుస్తోంది, తనకి రాలేదు, నాకు నవ్వాలో ఏం చేయాలో తెలీక తన చెయ్యి పట్టుకుని కూర్చున్నా. బస్సు ఎక్కాక నాన్నకి ఫోన్ చేశా. చెరువు దగ్గరున్నారు, వెనకాల ఏరేటర్ల చప్పుడు. వచ్చింది నాన్నా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఏం అడిగారమ్మా అన్నారు. మన చెరువు గురించే నాన్నా అని మొత్తం చెప్పా, కౌంట్, సీడ్, 2,000 కిలోలు, 3 శాతం, 60 కిలోల మేత.

"3 శాతం అని చెప్పావా?" అన్నారు. అవునన్నా. "ఎప్పుడూ అంత వెయ్యం కదమ్మా. మబ్బు పడితే తగ్గిస్తాం, చలిగా ఉంటే తగ్గిస్తాం, ట్రేలో మిగిలితే తర్వాత పూట ఇంకా తగ్గించాలి. నీ లెక్క ప్రకారం వేస్తే మేతంతా అడుగున కుళ్ళిపోద్ది."

ఆ మాట నిజమే, ప్రోగ్రామ్ లో ట్రే మిగులు రాసుకుంటున్నా గానీ లెక్కలోకి తీసుకోవట్లేదు. హాస్టల్ కి చేరేసరికి పదిన్నరయ్యింది. రూమ్మేట్ స్వీట్ బాక్స్ తెచ్చి పెట్టింది, ఇద్దరం తిన్నాం, తర్వాత ల్యాప్‌టాప్ తీసి మేత లెక్కలో చెక్ ట్రేకి ఒకటి, మబ్బుకి ఒకటి, రెండు కాలమ్స్ కలిపా.